ఆదోని పింజ, ఎమ్మిగనూరు దుప్పటి

ఆదోని మార్కెట్ యార్డులో చెయ్యి తిరిగిన కొనుగోలుదారు పత్తి బోరా దగ్గరికి వచ్చి పైపైన కనిపించే పత్తిని పట్టించుకోడు. చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి అడుగు నుంచి ఒక గుప్పెడు లాగుతాడు. ముందు గట్టిగా పిసుకుతాడు. ఆరిన పత్తి గుప్పిట విప్పగానే మళ్లీ పొంగుతుంది, తేమ పట్టిన పత్తి ముద్దగానే ఉండిపోతుంది. తర్వాత ఒక గింజ తీసి పంటికింద పెడతాడు. టక్కున విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకా పచ్చి ఉన్నట్టు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. చిన్న కుచ్చు తీసుకుని రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య పట్టి లాగుతాడు. విడిపోయిన రెండు పాయలనూ ఒకదానిమీద ఒకటి పేర్చి మళ్లీ లాగుతాడు. లాగిన ప్రతిసారీ పొట్టి పోగులు రాలిపోతాయి, అడ్డదిడ్డంగా ఉన్నవి వరసకు వస్తాయి. నాలుగైదు లాగుళ్లకు వేళ్ల మధ్య సన్నటి తెల్లపాయ ఒకటి మిగులుతుంది. అదే పింజ. దాన్ని నల్లగుడ్డ మీద పరిచి ఒక్క క్షణం చూసి "ఇరవై తొమ్మిది" అంటాడు. మిల్లీమీటర్లలో చెప్పిన లెక్క అది. పరీక్షశాలలో యంత్రం పెట్టి కొలిచినా ఆ చుట్టుపక్కలే వస్తుంది.

బట్ట గురించి రాసేవాళ్లందరూ మగ్గం దగ్గర మొదలుపెడతారు. రంగు, అంచు, నేత, నేతగాడి ఓపిక అన్నీ మెచ్చుకోదగ్గవే. కానీ ఒక దుప్పటి మన్నిక, దాని మెత్తదనం, దానికి రంగు పట్టిన తీరు చాలావరకు మగ్గమెక్కక ముందే తేలిపోతాయి. ముడిసరుకును చదవగలగడం, దాని గుణం చెడకుండా తర్వాతి చేతికి అందించడం కూడా పనితనమే. ఆ పనితనాన్ని దగ్గర నుంచి చూడాలంటే కర్నూలు జిల్లా పడమటి కొసకు మించిన చోటు లేదు. ఇక్కడ పత్తికి పేరు పడ్డ ఆదోని, నేతకు పేరు పడ్డ ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.

మొదట నేల సంగతి. ఆదోని, ఆలూరు, కోసిగి, పెద్దకడబూరు చుట్టూ నల్లరేగడి పరుచుకుని ఉంటుంది. ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలిస్తుంది, వాన పడితే ఉబ్బి బీటలు పూడ్చుకుంటుంది. ఆ బంకమట్టి తాగిన నీళ్లను వారాల తరబడి పట్టి ఉంచుతుంది. వానలు తక్కువ, అవి కూడా నమ్మకంగా రావు. అలాంటి సీమలో పత్తి వేళ్లు లోతుకు దిగి ఆ తేమతో బతుకుతాయి. కాయ పగిలే కాలానికి, అంటే అక్టోబరు దాటాక, ఆకాశం తెరిపిచ్చి ఎండ కాయాలి. ఆ సమయానికి తుపాను గాలి ఇటు తిరిగితే పగిలిన పత్తి చెట్టుమీదే నల్లబడుతుంది. ఇక ఎంత పనిమంతుడి చేతిలో పెట్టినా అది మొదటి రకం కాదు.

ఈ పత్తికి రైలుతో దశ తిరిగింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి దూది ఇంగ్లండు మిల్లులకు అందకపోయేసరికి మన దేశపు పత్తికి గిరాకీ పెరిగింది. 1870ల మొదట్లో మద్రాసు నుంచి బొంబాయికి రైలు మార్గం ఆదోని మీదుగా పూర్తయింది. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో తాలూకా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరుతో కలిసి ఇటు వచ్చింది. ఊరికి 'రెండో బొంబాయి' అనే పేరు తెచ్చింది పత్తి వ్యాపారమే. ఇప్పటికీ రాయచూరు, సిరుగుప్ప వైపు నుంచి కన్నడ రైతులు బోరాలు కట్టుకుని ఇక్కడికే వస్తారు. హద్దులు మారినా పత్తి దారి మారలేదు.

ఆ రోజుల్లో ఇక్కడ పండిన పత్తిని మద్రాసు వర్తకులు 'వెస్టర్న్స్' అనేవారు. పొట్టి పింజ నాటు పత్తి అది. నంద్యాల వైపు 'నార్తర్న్స్' దానికంటే సన్నం, మెరుగు. లాంకషైర్ మిల్లులవాళ్లు పొట్టి పింజను చూసి పెదవి విరిచేవారు. నా ఉద్దేశంలో అది పత్తిని తప్పుడు పనితో తూచడం. పొట్టి పింజతో సన్ననూలు రాదు, నిజమే. కానీ గట్టిగా మెలిపెట్టి ముతకనూలు తీస్తే రాపిడికి ఆగుతుంది, తొక్కినా అణగదు. ఆదోని చారల జంఖానాలకు ఒకప్పుడు మంచి పేరుండేది. పదిమంది కూర్చుని లేచే జంఖానాకు సన్నపింజ పత్తి ఎందుకు? చేతిలో ఉన్న సరుకు దేనికి పనికొస్తుందో ఎరిగి, ఆ పనికే దాన్ని వాడిన ఊరు ఇది.

ఆ నాటు పత్తి ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. 1970లో గుజరాత్‌లో హెచ్-4, రెండేళ్లకు ధార్వాడలో వరలక్ష్మి హైబ్రిడ్ రకాలు వచ్చాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి దొరికాక కొన్నేళ్లలోనే చేలన్నీ దానితో నిండిపోయాయి. పింజ పొడవు పెరిగింది, 29, 30 మిల్లీమీటర్లు మామూలయ్యాయి. దానితోపాటే ఖర్చు, పురుగుమందు, గులాబీ రంగు పురుగు బెడద కూడా పెరిగాయి. అది వేరే వ్యాసానికి సరిపడే కథ.

పనితనం చేలోనే మొదలవుతుంది. పత్తి తీసేది ఎక్కువగా ఆడవాళ్లు. పొద్దున్నే వెళ్తే మంచు తడికి పత్తి బరువెక్కి ఉంటుంది. తూకానికి లాభమే కానీ గుణానికి నష్టం. మంచు ఆరాక తీయాలి. ఎండ ముదిరాక తీస్తే ఎండిన తొడిమలు చిట్లి ఆకుపొడి దూదికి అంటుకుంటుంది. కాయ పూర్తిగా విచ్చుకుందో లేదో చూసి, వేళ్లు కాయలోకి పోనిచ్చి, తొడిమ రాకుండా పత్తి మాత్రమే లాగాలి. పురుగు తిన్నది, పసుపు రంగు పట్టింది, సగం విచ్చుకున్నది, అంటే కౌడి, వేరే సంచిలో వేయాలి. కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి ఆగి ఏరితే కూలి పడిపోతుంది. అయినా మంచి పత్తిలో కౌడి కలపని చేతులు ఈ సీమలో ఉన్నాయి. ఆ చేతులకు అదనంగా ఒక్క రూపాయి ఇచ్చే పద్ధతి మాత్రం ఎక్కడా లేదు. పత్తి ధర గురించి మాట్లాడేవాళ్లలో ఈ లోటును ఎత్తిచూపేవాళ్లు తక్కువ.

ఇక ధర విషయం. 2025-26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710. కాటన్ కార్పొరేషన్ పూర్తి ధర ఇవ్వాలంటే తేమ 8 శాతానికి మించకూడదు. అంతకు మించితే ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే కొననే కొనరు. పొడవు పింజ అనిపించుకోవాలంటే పొడవొక్కటే చాలదు, మైక్రోనేర్ కూడా హద్దుల్లో ఉండాలి. దూది పోగు ఎంత సన్నంగా, ఎంత ముదిరి ఉందో చెప్పే అంకె అది. మరీ తక్కువైతే పోగు లేతదని అర్థం, మరీ ఎక్కువైతే ముతకదని. రైతుకు ఇది కాగితం మీది అంకెలా కనిపిస్తుంది గానీ, లేతపోగు చేసే పాడు ఏమిటో ఎమ్మిగనూరు రంగుతొట్టి దగ్గర తెలుస్తుంది. అక్కడికి తర్వాత వస్తాను.

యార్డు నుంచి పత్తి, గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లుకు పోతుంది. వంద కిలోల పత్తిలో దూది ముప్పైమూడు నుంచి ముప్పైఆరు కిలోలు. మిగతాదంతా గింజే, కాస్త తరుగు. 170 కిలోల బేలు ఒకటి కట్టాలంటే సుమారు అయిదు క్వింటాళ్ల పత్తి ఆడించాలి. మన మిల్లుల్లో ఉండేది రోలర్ జిన్ను. దీనికి మూలరూపం 1840లో అమెరికాలో మెకార్తీ అనే ఆయన చేశాడు. అంతకుముందు 1793లో ఎలీ విట్నీ చేసిన రంపపు జిన్ను వేగంగా ఆడుతుంది, కానీ రంపపు పళ్లు దూదిని పీకుతాయి, పోగు తెగుతుంది. రోలర్ జిన్ను నెమ్మది, అయితే పింజను కాపాడుతుంది.

ఆ యంత్రం పక్కన నిలబడి చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. తోలు బిళ్లలు వరసగా గుచ్చి చేసిన రోలర్లు రెండు తిరుగుతుంటాయి. వాటి గరుకు ఒంటికి దూది అంటుకుని లోపలికి పోతుంది. ప్రతి రోలరుకూ ఒక కత్తి అదిమి ఉంటుంది. దాని అంచుకీ రోలరుకీ మధ్య సందులోంచి పోగు దూరుతుంది, గింజ దూరదు. పక్కనే ఇంకో కత్తి పైకీ కిందికీ ఆడుతూ ఆగిపోయిన గింజను తట్టి తట్టి పోగు నుంచి విడదీస్తుంది. గింజ జాలీలోంచి కిందికి రాలుతుంది, దూది అటుపక్కకు పొరలు పొరలుగా పడుతుంది. కోసే పని ఎక్కడా లేదు, పట్టుకోవడం, తట్టడం అంతే.

మంచి ఫిట్టరు చేతివాటం ఇక్కడే కనిపిస్తుంది. కత్తిని రోలరుకు ఎక్కువ అదిమితే రాపిడికి వేడెక్కి దూది పసుపు తిరుగుతుంది, తోలు త్వరగా అరుగుతుంది. తక్కువ అదిమితే గింజకు దూది మిగిలిపోతుంది. గింజ పెద్ద రకమా, చిన్న రకమా చూసి ఆడే కత్తి దూరం మార్చాలి. అరిగి నున్నబడిన రోలరుకు మళ్లీ గాళ్లు పెట్టాలి. తడి పత్తి వస్తే గింజ నలిగి ముక్కలు దూదిలో కలుస్తాయి, మరీ ఎండితే పోగు పెళుసెక్కి తెగుతుంది. ఈ సర్దుబాట్లు పుస్తకంలో ఉండొచ్చు. ఫిట్టరు మాత్రం జిన్ను చప్పుడు మారగానే లేచి వస్తాడు.

గింజను మరచిపోకూడదు. పత్తి బరువులో మూడింట రెండు వంతులు అదే, దాన్ని పారేసే ఆలోచన ఆదోనికి ఎప్పుడూ లేదు. వేరుశనగ నూనె ఆడే మిల్లుల సరసనే పత్తిగింజలు ఆడే మిల్లులు పెరిగాయి. నూనె వంటకు, చెక్క గేదెల దాణాకు పోతాయి. గింజకు అంటుకుని ఉండే పొట్టినూగు కూడా వృథా కాదు, కాగితానికీ కృత్రిమ నారకూ పనికొస్తుంది. మన జేబులో ఉన్న రూపాయి నోట్ల కాగితం కూడా పత్తి నారతో చేసిందే.

దూది బేలు కట్టాక ఆదోని పని అయిపోయింది. బేలు లారీ ఎక్కి తమిళనాడుకో మరెక్కడికో స్పిన్నింగ్ మిల్లుకు పోతుంది. ఎమ్మిగనూరు మగ్గానికి కావలసిన నూలు చాలావరకు బయటి నుంచి వస్తుంది. ఎప్పుడూ ఇలాగే లేదు. ఆదోనిలోనూ నూలు మిల్లులు నడిచాయి. 1974లో కేంద్రం జాతీయం చేసిన ఖాయిలా మిల్లుల జాబితాలో ఆదోని కాటన్ మిల్స్ కూడా ఉంది.

నూలు ఎవరి చేతిలో ఉంటే నేతగాడి బతుకు వారి చేతిలో ఉంటుంది. ఎమ్మిగనూరులో ఈ మాట అందరికంటే ముందు పట్టించుకున్నవాడు మాచాని సోమప్ప. షావుకారు నూలు అప్పిచ్చి, బట్ట తనే తీసుకుని, మజూరి మాత్రం చేతిలో పెట్టే పద్ధతి అప్పట్లో నేత ఊళ్లన్నిటా నడిచేది. నూలు ధర షావుకారు చెప్పిందే, బట్ట ధర కూడా షావుకారు చెప్పిందే. 1938లో సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టారు. సంఘం పద్ధతిలో నూలు టోకున వస్తుంది, సభ్యుడికి అందుతుంది, నేసిన బట్టను సంఘమే అమ్మిపెడుతుంది. అయిదేళ్లు తిరక్కముందే యుద్ధకాలపు కరువు వచ్చింది. 1943లో ప్రభుత్వం బట్టకూ నూలుకూ నియంత్రణ పెట్టింది. నూలు కోటా మీద దొరికే ఆ కాలంలో ఒంటరి నేతగాడి కంటే సంఘంలో సభ్యుడు మెరుగు. సంఘం తువ్వాళ్లు, దుప్పట్లు, తెరబట్టలు నేయించి ఊరికి పేరు తెచ్చింది, నేతగాళ్లకు వీవర్స్ కాలనీ కట్టింది. సోమప్పకు 1954లో పద్మశ్రీ ఇచ్చారు. పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే అది. ఒక చిన్న ఊళ్లో నేతవాళ్లకు నూలు దక్కేలా చూసిన మనిషికి ఆ గౌరవం అంత తొందరగా అందడం తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

ఇప్పుడు నూలు మగ్గం దగ్గరికి ఎలా చేరుతుందో చూద్దాం. చేనేతకు నూలు చిలపల్లో, అంటే వదులు చుట్టలుగా, రావాలి. కండెకు చుట్టిన నూలు లోపలికి రంగు సరిగా దిగదు, చిలప అయితే తొట్టిలో విప్పారి పోగు పోగుకూ రంగు పడుతుంది. చిలప 840 గజాలు. అలాంటివి ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అది కౌంటు. ఇరవై కౌంటు అంటే ఇరవై చిలపలు ఒక పౌను, పోగు పరిస్తే పదిహేను కిలోమీటర్లు దాటుతుంది. దుప్పటికి ఇలాంటి పోగులు రెండు కలిపి మెలిపెట్టిన నూలు బాగా ఆగుతుంది. ఒక పోగులో సన్నబడ్డ చోటును రెండోది కాస్తుంది.

రంగు పక్కాగా ఉండాలంటే వ్యాట్ రంగు వేయాలి. ఈ రంగు నీళ్లలో కరగదు. కాస్టిక్ సోడా, హైడ్రోసు కలిపి దాన్ని కరిగిస్తే తొట్టిలో అసలు రంగు కాక వేరే రంగు కనిపిస్తుంది. నీలిరంగు అద్దే తొట్టి పసుపు పచ్చగా ఉంటుంది. చిలపలను ముంచి తిప్పి బయటికి తీసి పిండి గాలికి వేలాడదీస్తే, చూస్తుండగానే ఆ పచ్చదనం పోయి నీలం తేలుతుంది. గాలి తగిలి రంగు మళ్లీ కరగని రూపానికి మారి, పోగు లోపల బిగుసుకుపోతుంది. అందుకే ఎన్ని ఉతుకులైనా పోదు.

ఇందాక తర్వాత వస్తానన్న చోటు ఇదే. లేతకాయ నుంచి వచ్చిన పోగుకు లోపల గట్టిపొర ఏర్పడదు, అది రంగు సరిగా పట్టదు. ముదురు నీలం చిలపలో తెల్లటి చుక్కలుగా తేలుతుంది. చేలో సగం విచ్చిన కాయను తొందరపడి తీసిన ఫలితం ఇక్కడ బయటపడుతుంది. ఇంతకంటే పెద్ద శత్రువు ప్లాస్టిక్. యూరియా సంచి దారం, గుట్కా పొట్లం ముక్క, ప్లాస్టిక్ పట్టా పీలిక, ఏదో ఒకటి చేలోనో యార్డులోనో పత్తిలో పడుతుంది. జిన్ను దాన్ని పట్టదు, స్పిన్నింగ్ మిల్లులో అది చీలి నూలులో కలిసిపోతుంది. పత్తికి వేసే ఏ రంగూ దానికి అంటదు. చివరికి ఎమ్మిగనూరు మగ్గం మీద, ఎర్రటి దుప్పటి మధ్యలో వెంట్రుకంత తెల్లగీత కనిపిస్తుంది. నేతగాడు మగ్గం ఆపి, సూదితో ఆ పోగును ఒక్కో ముక్కగా పైకి లేపి తీసి, దాని స్థానంలో మంచి పోగు అతికి మళ్లీ నేస్తాడు. ఎక్కడో ఎవరో సంచి విప్పుతూ పారేసిన దారానికి ఇక్కడొకరి పూట పని పోతుంది.

మిగతా పని చేనేత ఎరిగినవాళ్లకు తెలిసిందే. ఆసు పోసి పడుగు, అంటే నిలువు పోగులు, సిద్ధం చేస్తారు, గంజి పెడతారు, పోగులను అల్లెల్లోంచి, పన్నె పళ్లలోంచి ఒక్కొక్కటిగా లాగుతారు. గంజి సంగతి మాత్రం చెప్పుకోవాలి. గంజి పట్టిన పోగుకు నూగు అణిగి, పన్నె రాపిడికి ఆగే బలం వస్తుంది. పల్చనైతే పడుగు తెగుతుంది, చిక్కనైతే పోగులు ఒకదానికొకటి అంటుకుని నాడె దారి మూస్తాయి. నూలులో పొట్టి పోగులు ఎక్కువుంటే నూగు ఎక్కువ, గంజి ఎక్కువ పెట్టాలి. చిలప చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి ఎంత గంజి పట్టాలో నేతగాడు నిర్ణయిస్తాడు. ఆదోని యార్డులో పింజ లాగిన వేళ్లు చేసిందీ ఇదే పని. సరుకును చూసి దానికి తగ్గట్టు చెయ్యి మార్చుకోవడం.

నూలు ధర విషయంలో ప్రభుత్వం అసలేమీ చేయలేదనలేం. నేతగాళ్లకు నూలు అందించే జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ 1983 నుంచి ఉంది. 2021-22లో మొదలైన ముడిసరుకు సరఫరా పథకం కింద చిలప నూలు మీద 15 శాతం రాయితీ పెట్టారు. ఇంకోపక్క, స్పిన్నింగ్ మిల్లులు తమ నూలులో ఇంత భాగం చిలపలుగానే ఇవ్వాలన్న నియమాన్ని 2019లో 40 శాతం నుంచి 30 శాతానికి తగ్గించారు. చిలపలు తక్కువ తయారైతే రాయితీ ఉన్నా సమయానికి సరుకు దొరకదు. సరుకు దొరక్క మగ్గం ఆగిన రోజు కూలిని ఏ రాయితీ తిరిగి ఇవ్వదు.

లక్షల క్వింటాళ్ల పత్తిని చేత్తో చూసి ధర కట్టే యార్డు ఒక పక్క, చిలప చూసి గంజి లెక్క చెప్పగల నేతగాళ్లు ఇంకో పక్క ఉన్న సీమలో, దూది రాష్ట్రం దాటి వెళ్లి నూలై తిరిగి రావడం నాకు సబబుగా తోచదు. ఆదోనిలో చేనేతకు మాత్రమే చిలప నూలు తీసే మిల్లు ఒకటి, చిన్నదైనా సరే, సహకార పద్ధతిలో పెట్టాలి. దానికి కావలసిన పత్తిని కౌడి కలపకుండా, ప్లాస్టిక్ పడకుండా తెచ్చే రైతుకు, ఏరిన కూలికి కిలోకు ఇంతని అదనంగా ఇవ్వాలి. ఆ నూలు ముందు ఎమ్మిగనూరు సంఘాలకు అందాలి. ఈ పని కోసం జిల్లా ప్రజాప్రతినిధులను, చేనేత జౌళి శాఖను అడగవలసింది పత్తిరైతులు, నేతగాళ్లు కలిసి. ఇప్పటిదాకా వాళ్లు వేర్వేరుగా మాత్రమే అడిగారు.